రెల్లు చాటున రెండో పిల్ల

1993వ సంవత్సరం ఆగస్టు నెల రెండో తేదీ, సోమవారం ఉదయం, వన్యప్రాణి సంరక్షణ కార్యాలయంలోని ఛాయాచిత్ర విభాగంలో సహాయకురాలిగా చేరడానికి ఇరవై ఎనిమిదేళ్ల యువతి ఒకరు నియామక పత్రం చేతబట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. లోపలికి రమ్మని పెద్ద గుమాస్తా రెండుసార్లు పిలిచారు. "కాసేపాగండి" అన్నారు ఆమె, చూపు తిప్పకుండా. కిటికీ చట్రానికి ఒక సాలీడు గూడు అల్లుతోంది. అది ఆఖరి పోగు కలిపి మధ్యలోకి వచ్చి కూర్చున్నాకగాని ఆమె లోపలికి వచ్చి సంతకం పెట్టలేదు. ఆ పూటే ఆమెకు "కాసేపాగండి గారు" అన్న పేరు ఖాయమైపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది గానీ, ఈ ముప్పై రెండేళ్లలో దానితో ఎవరికీ పెద్దగా పని పడలేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా ముఖ్య ఛాయాచిత్రకారిణి వారే.

ఈ ప్రత్యేక సంచికకు అభినందన వ్యాసం రాసే భారం మ్యాపులు గీసే పటాల విభాగపు గుమాస్తా మీద పడింది. ఇటువంటి వ్యాసాలలో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో అతనికి బాగా తెలుసు. ఇదివరకు తొమ్మిది మందిని ఇలాగే పొగిడి పంపించిన అనుభవం ఉంది. కానీ ఈసారి కథ అడ్డం తిరిగింది. విషయం చెవిన పడగానే వారు నేరుగా అతని బల్ల దగ్గరికి వచ్చి ఒక షరతు పెట్టారు. "పొగడ్తలు మీ ఇష్టం బాబూ, ఎన్నయినా రాసుకోండి. సారస పక్షి గూడు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. అది లేకపోతే నాకీ సంచికా వద్దు, సభా వద్దు." ఇంటివాళ్లందరూ చదువుతారని గుమాస్తా నచ్చజెప్పబోయాడు. "వాళ్లు చదవాలనే చెబుతున్నాను" అని వారు వెళ్లిపోయారు. కనుక శుభమా అని చదవడానికి కూర్చున్నవారు కొంచెం గుండె చిక్కబట్టుకోవలసిందిగా ముందే మనవి.

తొలి మూడు సంవత్సరాలు వారి సేవ యావత్తూ డార్క్‌రూమ్‌లోనే గడిచింది. ఎర్ర దీపపు వెలుగులో, పళ్లెంలోని మందునీళ్ల అడుగున, తెల్ల కాగితం మీద మొదట ఒక మరక, ఆ మరకలో ఒక చెవి, ఆ చెవి వెంట నిలువెల్లా చెవులై నిలబడిన జింక, ఇలా ఎవరో తీసిన అడవి కొంచెం కొంచెంగా పైకి తేలి వస్తుంటే, తానెన్నడూ అడుగుపెట్టని దారుల్లో తానే మెల్లగా నడిచి వెళుతున్నట్టు ఉండేదని వారు ఇప్పటికీ తలచుకుంటారు. మధ్యాహ్నం బయటికి వచ్చి, ఎండకు కళ్లు చికిలించుకుంటూ, "ఇవాళ ఏ వారమండీ?" అని అడిగేవారు. హాస్యానికి కాదు, నిజంగానే అడిగేవారు. వారి శ్రీవారు వాచీలు బాగుచేయడంలో చేయి తిరిగిన నిపుణులు. వీధి వీధంతటి టైమూ సరిచేసే మనిషికి టైమంటే గిట్టని ఇల్లాలు దొరికిందని కార్యాలయమంతా కడుపుబ్బ నవ్వుకుంది. ఆయనా మాతో కలిసి నవ్వారు.

1996లో వారు క్షేత్ర ఛాయాచిత్రకారిణిగా పదోన్నతి పొంది, ఊరి అంచున ఉన్న చిత్తడి నేలలో పని ప్రారంభించారు. అంతవరకూ కాగితం మీదే చూసిన లోకం ఎదుట నిలబడింది. తెల్లవారకముందే పడవెక్కితే, నీళ్లెక్కడ ముగిశాయో పొగమంచెక్కడ మొదలైందో తెలియని తెల్లదనంలో పడవ తానే ఎటో తేలిపోతున్నట్టు ఉండేది; రెల్లు గుబుర్లు దగ్గరికి వచ్చి, పడవను ఒకసారి తాకి, వెనక్కి వెళ్లిపోయేవి; ఎక్కడినుంచో సారసాల జంట ఒకటి గొంతు కలిపి పిలిస్తే, ఆ పిలుపు ఏ దిక్కునుంచి వచ్చిందో చెప్పడం ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్న తాతకు కూడా సాధ్యమయ్యేది కాదు. ఆ పడవ తాత మితభాషి. వారూ అంతే. రోజంతా కలిసి పనిచేసి, సాయంత్రం ఒడ్డుకు వచ్చాక "వస్తానమ్మా," "మంచిది తాతా" అనుకున్న రెండు మాటలే ఆ రోజు మొత్తం సంభాషణ అయిన సందర్భాలు కోకొల్లలు.

ఇంటి దగ్గర మాత్రం మాటలకు కొదవ లేదు. మోకాళ్లదాకా బురదతో ఇంటికొచ్చిన కోడలిని చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకునేవారు. "మా కోడలి ఉద్యోగం ఏమిటో నాకింతవరకూ బోధపడలేదమ్మా! బురదలో కదలకుండా కూర్చున్నందుకు జీతమిస్తారట. మా కాలంలో ఇలాంటి ఉద్యోగాలుంటే నేనూ చేరేదాన్ని" అని వీధిలో వాళ్లందరికీ చెప్పేవారు. అంటూనే కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు తెచ్చి పెట్టేవారు.

ఇక ఆ సంగతి. 1997 ఏప్రిల్ నెలలో, చిత్తడి నేల నడిమి భాగాన, వారికి సారసాల గూడు ఒకటి కంటబడింది. తడి గడ్డి పోగేసిన చిన్న తిప్ప మీద రెండు గుడ్లు. ఆ నీళ్లలో సారసాలు గూడు కట్టినట్టు అంతవరకూ ఎవరి దగ్గరా రుజువు లేదు. కానీ గూటికీ కెమెరాకూ మధ్య రెల్లు అడ్డంగా ఉంది. తల్లిపక్షి మేతకు కాస్త దూరం జరిగిన సమయం చూసి, వారు నీళ్లలోకి దిగి, ఆ రెల్లును రెండు పాయలుగా తీసి, పదకొండు చోట్ల ఆకుపచ్చ దారంతో వెనక్కి కట్టారు. తిరిగి వచ్చి పడవ మీద కట్టిన గుడారం చాటున కూర్చున్నారు. పక్షి వచ్చింది. లేత ఎండలో మెడ వంచి, ముక్కుతో ఒక గుడ్డును మెల్లగా పక్కకు దొర్లించింది. ఆ క్షణాన ఫొటో పడింది.

"దారాలు విప్పేద్దామా అమ్మా?" అని అడిగాడు తాత.

"కాసేపాగండి తాతా. సాయంత్రం వెలుగులో ఇంకొక్కటి తీసుకుని విప్పేద్దాం."

ఒడ్డుకు వెళ్లి అన్నం తిని, నాలుగింటికి తిరిగి వచ్చారు. కట్టిన రెల్లు మధ్యనుంచి గూడు ఆకాశానికి బట్టబయలుగా కనబడుతోంది. కాకులు అప్పటికే వచ్చి వెళ్లాయి. పెంకులు మాత్రం మిగిలాయి. దూరంగా, మోకాలి లోతు నీళ్లలో, సారసాలు రెండూ నిలబడి ఉన్నాయి. పిలవడం లేదు, ఎగరడం లేదు. తాత నీళ్లలోకి దిగి పదకొండు దారాలూ ఒక్కొక్కటే విప్పాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని వారు ఈనాటికీ అంటారు.

ఆ ఫొటో పేరు ప్రఖ్యాతులు పొందింది. బహుమతి వచ్చింది, క్యాలెండరుకెక్కింది, పిల్లల నోటుపుస్తకాల అట్టల మీద అచ్చయింది, పెద్దాఫీసరు గది గోడ మీద కుర్చీ వెనకాల స్థిరపడింది. దాన్ని చూపించే ఆ చిత్తడి నేలకు తాత్కాలిక రక్షణ ఉత్తర్వు కూడా సంపాదించాం. వచ్చినవాళ్లందరూ "ఎంత ఓపికమ్మా మీకు!" అని మెచ్చుకునేవారు. వారు తల వంచుకునేవారు. అది వినయమని మేమందరం అనుకున్నాం, సాటివారికి ఉదాహరణగా కూడా చెప్పుకున్నాం. ఆ ఫొటోలో ఎడమవైపు అడుగున గోరంత ఆకుపచ్చ గీత ఒకటి ఉంది. ఆఫీసరుగారి గదిలోకి వెళ్లిన ప్రతిసారీ వారి చూపు నేరుగా దాని మీదికే పోయేది. పదకొండేళ్లపాటు అలా పోతూనే ఉంది.

2008 మార్చిలో, ఆ తాత్కాలిక ఉత్తర్వు గడువు తీరబోతుండగా, చిత్తడి నేల నీటిని కాలువ తవ్వి బయటికి తోడేసి, ఆ జాగాలో గిడ్డంగులు కట్టాలన్న ప్రతిపాదన విచారణకు వచ్చింది. కాలువల ఇంజనీరు తెలివైనవాడు, నిదానస్తుడు. అక్కడ సారసాలు దారిన పోతూ దిగుతాయే గాని గూడు కట్టవని, కాబట్టి నష్టం లేదని అతని వాదన. దానికి మా దగ్గరున్న సమాధానం ఒక్కటే, ఆ ఫొటో. దాన్ని సాక్ష్యంగా స్వీకరించడానికి దాని కింది ధ్రువీకరణ మీద ఫొటో తీసినవారు సంతకం పెట్టాలి. "ఈ చిత్రం సహజ స్థితిలో, ఎటువంటి జోక్యమూ లేకుండా తీయబడినది" అని అందులో ఉంది.

విచారణ గదిలో అందరి ముందూ వారు కలం పట్టుకున్నారు. పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"పెట్టేయండమ్మా, మామూలు సంతకమే" అన్నారు పెద్దాఫీసరు, చిన్నగా.

"ఇందులో రాసింది నిజం కాదండి" అన్నారు వారు. లేచి వెళ్లి, ఫొటోలో ఎడమవైపు అడుగున వేలు పెట్టారు. "ఇది ఆకు కాదండి. దారం. రెల్లు నేనే కట్టాను. టైముకు విప్పలేదు. కాకులొచ్చి గుడ్లు తినేశాయి. ఆ జంట మళ్లీ అక్కడ గూడు కట్టలేదు."

గదిలో కలకలం రేగింది. "అయితే ఉన్న ఒక్క గూడూ సంరక్షణ శాఖవారే పాడుచేశారన్నమాట!" అన్నాడు ఇంజనీరు. అందులో వెటకారం లేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. అందుకే అది మరింత గట్టిగా తగిలింది. విచారణాధికారి ఫొటోను పక్కన పెట్టించి, వేరే రుజువు ఏదైనా ఉంటే పందొమ్మిది రోజుల్లో తెమ్మన్నారు. బయట వసారాలో పెద్దాఫీసరు మొహం జేవురించింది. "పదకొండేళ్లు నోరు మూసుకున్నారు కదా! ఇంకొక్క పదకొండు నిమిషాలు మూసుకోలేకపోయారా?" అన్నారు. తాను చెప్పిన నిజం వల్ల ఇప్పుడు ఆ నీళ్లన్నీ పోతే, ఒక గూడుతో మొదలైన నష్టం వేల గూళ్లదాకా వెళుతుందని వారికి అందరికంటే బాగా తెలుసు.

ఆ రోజు ఇంటికి వెళ్లి వంటింటి గడప మీద కూలబడి ఏడ్చారు. శ్రీవారు పక్కన కూర్చున్నారు, ఏమీ తోచక. అత్తగారు మాత్రం కథంతా విని, డబ్బాలో మర్నాటికి రొట్టెలు సర్దడం మొదలుపెట్టారు. "తప్పు చేశావు. చెప్పేశావు. ఇంకా ఏడుస్తూ కూర్చుంటే పిట్ట మనింటికొస్తుందా? లే, మొహం కడుక్కో" అన్నారు. పడవ తాత కూడా ఇంచుమించు అంతే అన్నాడు. "చెప్పేశారా? మంచిపని చేశారు. పందొమ్మిది రోజులు కదా, మీ పాత గొడుగు పనికిరాదు, ఇంకోటి తెచ్చుకోండి."

ఆ పందొమ్మిది రోజుల గురించి ఎప్పుడు అడిగినా వారు కల చెప్పినట్టే చెబుతారు. రోజూ అదే తెల్లదనం, అదే నీళ్ల చప్పుడు. ఏ రోజు ఏది జరిగిందో కలిసిపోయింది. ఒక ఉదయం పొగమంచులోంచి సారసాల జంట నడిచి వచ్చి, రెక్కలు విప్పి, ఒకదాని చుట్టూ ఒకటి గంతులేసి, మళ్లీ మంచులోకే వెళ్లిపోయింది. అది నిజంగా చూశారో, కునుకులో చూశారో వారికి ఇప్పటికీ రూఢిగా తెలియదు. తొమ్మిదో రోజున రెల్లు నడుమ ఒక చోట బూడిదరంగు వీపు కనబడింది. అది లేవడం లేదు. అంటే కింద గుడ్లున్నాయి. పడవను నూట డెబ్బై గజాల దూరాన ఆపేశారు. ఇంకొంచెం దగ్గరికి పోదామా అన్నట్టు తాత గెడ మీద చెయ్యి వేశాడు. వద్దని వారు తల ఊపారు. పక్షి రెండుసార్లు తలెత్తి చూసింది. రెండుసార్లూ పడవను ఇంకా వెనక్కి జరిపారు. గాలి వీచినప్పుడు రెల్లు ఇటు ఒరిగితే ఒక కన్ను, అటు ఒరిగితే ఒక మెడ. అంతకుముందు దారం ఎప్పుడూ చేతికి అందే చోటే ఉండేదనీ, ఈసారి ఇంటి దగ్గరే వదిలి వచ్చినా వేళ్లు దానికోసం సంచిలో తడుముకునేవనీ వారు ఒప్పుకున్నారు. పదిహేడో రోజున గాలి పడిపోయిన ఒక్క నిమిషంలో ఒకే ఒక్క ఫొటో తీశారు.

గడువు రోజున ఆ ఫొటోను బల్లంత సైజులో అచ్చువేయించి విచారణ గదిలో నిలబెట్టారు. చూసి మా వాళ్ల ప్రాణాలు ఉసూరుమన్నాయి. దానిలో రెల్లు తప్ప ఏమీ లేదు. ధ్రువీకరణ మాత్రం ఈసారి వారు తామే రాసుకొచ్చారు: ఎంత దూరం, ఎన్ని గంటలు, పక్షి ఎన్నిసార్లు తలెత్తింది, తాము ఎన్నిసార్లు వెనక్కి జరిగారు, అన్నీ.

విచారణాధికారి కళ్లజోడు సవరించుకున్నారు. "ఇందులో పక్షి ఎక్కడుందమ్మా?"

"ఉందండి. కొంచెం చూడండి" అన్నారు వారు.

ఆయన చూశారు. గదిలో అందరూ చూడడం మొదలుపెట్టారు. పటాల గుమాస్తా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకోవడానికి వచ్చిన ఇరవై మంది మెడలు చాచి, ఒకే వైపు, అంత కిమ్మనకుండా చూడడం అతని సర్వీసులో అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. చాలాసేపటికి విచారణాధికారి, "ఆఁ, కన్ను!" అన్నారు. ఆ కన్ను దొరికాక మెడ దొరికింది. మెడ వెంట దిగితే, దాని పక్కన, తేనెరంగు నూగుతో ఒక పిల్ల. గది మొత్తం ఊపిరి వదిలింది. అప్పుడు కాలువల ఇంజనీరు, ఫైలు కుర్చీలో వదిలేసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఫొటోకు ముక్కు ఆనించినంత పనిచేశాడు.

"అదిగో! ఇంకోటి!" అని కేకేశాడు. "అమ్మ కాళ్ల దగ్గర, రెల్లు చాటున చూడండి! రెండు పిల్లలండీ! కనబడిందా? మీకు కనబడిందా?"

అందరూ తననే చూస్తున్నారని అప్పటికి గ్రహించి, గొంతు సవరించుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ పక్షులు గూడు కట్టవన్న వాదన ఆ తర్వాత అతని నోట రాలేదు. కాలువను వేరే దారికి మళ్లించాలనీ, చిత్తడి నేలకు శాశ్వత రక్షణ ఇవ్వాలనీ ఉత్తర్వు వెలువడింది. రెండో పిల్లను తాను అంతవరకూ చూడలేదని, ఫొటో తీసినప్పుడు కూడా తనకు ఒక్కటే కనబడిందని వారు ఆ సాయంత్రం గుమాస్తాకు చెప్పారు.

ఉత్తర్వు వచ్చిన వారంలోనే, రెల్లు కట్టి పదకొండేళ్లు దాచినందుకు సంజాయిషీ అడుగుతూ వారికి మెమో కూడా వచ్చింది. క్షేత్రంనుంచి తప్పించి రెండు సంవత్సరాలు పాత ఫైళ్ల గదికి మార్చారు. మేమంతా మండిపడ్డాం. వారు మాత్రం, "న్యాయమే కదండీ, సారసాలు నన్ను ఆమాత్రం కూడా అడగలేదు" అని, ఆ గదిలో దుమ్ము దులిపి కూర్చుని, పదిహేను సంవత్సరాల నెగటివులన్నిటికీ వివరాలు రాయడం మొదలుపెట్టారు. ప్రతి చిత్రానికీ ఎక్కడినుంచి తీశారు, ఎంత దగ్గరికి వెళ్లారు, ఏ కొమ్మ విరిచారు, ఏ జంతువును బెదరగొట్టారు. తమవే కాదు, ఇతరులవీ అడిగి అడిగి రాశారు. కొందరికి కోపం వచ్చింది. కానీ ఆ వివరాల సాయంతోనే పటాల విభాగం ఏ ఏట నీళ్లెక్కడిదాకా ఉన్నాయో, రెల్లు ఎంత మేర తగ్గిందో గుర్తించగలిగింది. తర్వాత మరి రెండు చిత్తడి నేలలకు రక్షణ సాధించడానికి ఆ పటాలే ఆధారమయ్యాయి.

2010లో తిరిగి క్షేత్రానికి వెళ్లినది మొదలు, ఛాయాచిత్రకారులకు శిక్షణ ఇచ్చే బాధ్యత కూడా వారే వహించారు. శిక్షణకు వచ్చినవారి సంచులు మొదటి రోజునే తెరిపించి, దారాలు, కత్తెరలు, తీగలు ఉంటే తీసి సొరుగులో వేసి తాళం పెట్టేవారు. ఆ తరువాత నోటుపుస్తకాల అట్టల మీది ఫొటోను తామే బోర్డుకు తగిలించి, గూడు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పేవారు. ఒకసారి కూడా ఏడవకుండా చెప్పలేదు, ఒకసారి కూడా చెప్పడం మానలేదు. వారి దగ్గర నేర్చుకున్నవారు ఈనాడు ఎన్నో అడవులలో పనిచేస్తున్నారు. వారు పంపే ఫొటోలలో జంతువులు దూరంగా, చిన్నగా, నిశ్చింతగా ఉంటాయి.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని గత శుక్రవారం గుమాస్తా వారి చేతికిచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని ముప్పావుగంట చదివారు. పొగడ్తలు వచ్చిన చోట పెదవి విరిచారు గానీ వదిలేశారు. గూడు ఘట్టం దగ్గర, అతను అభిమానం కొద్దీ చేర్చిన వాక్యం ఒకటి ఉండేది: ఆ రోజుల్లో ఫొటోలు తీసేవారందరూ రెల్లు అలాగే కట్టేవారని. దాని కింద వారు పెన్సిలు గీత గీశారు.

"ఇదొక్కటి తీసేయండి బాబూ."

"అబద్ధం కాదు కదమ్మా? నిజంగానే అందరూ అలాగే చేసేవారు కదా."

"నిజమే. అందరూ కట్టేవారు" అన్నారు వారు. "ఆ రెండు గుడ్లూ మాత్రం అందరి వల్లా పోలేదు. నా వల్ల పోయాయి."

గుమాస్తా ఆ వాక్యం కొట్టేశాడు. ఒకరి గొప్పతనం రాయడానికి ఎన్ని విశేషణాలు వెతికినా దొరకనిది, ఆ కొట్టివేత దగ్గర అతనికి దొరికింది. తన తప్పును పదిమందిలో పంచి తేలిక చేసుకోని మనిషితో కలిసి ఇన్నేళ్లు పనిచేసే భాగ్యం కలిగినందుకు ఈ కార్యాలయం యావత్తూ కృతజ్ఞతతో తల వంచుతోంది. మా ముఖ్య ఛాయాచిత్రకారిణి గారు చెదరని చూపుతో, సడలని ఆరోగ్యంతో, శ్రీవారూ అత్తగారూ తోడుగా, నిండు నూరేళ్లూ చల్లగా జీవించాలనీ, అన్ని సంవత్సరాలలోనూ ఒక్క ఉదయమైనా ఆ రెండు గుడ్ల బరువు వారి గుండె మీదినుంచి దిగి వారు హాయిగా నిద్ర లేవాలనీ మనసారా కోరుకుంటున్నాం.